ఎత్తుకునే చేతుల ఖర్చు
(స్మారక ఉపన్యాస పాఠం)



ఎవరి పేరిట ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన పేరు మీ చేతిలోని ఆహ్వాన పత్రిక మీద ఉంది. ఎదురుగా పొగడ్త మొదలైతే ఆయన కుర్చీలోంచి లేచి వరండాలోకి వెళ్లిపోయేవారు. అందుకని ఆ భాగం వదిలేస్తున్నాను. ఇవాళ్టి విషయానికి అవసరమైన ఆయన అలవాటు ఒక్కటి మాత్రం చెబుతాను. జూనియర్ ఎవరైనా పరిహారం పిటిషన్ రాసి తెస్తే ఆయన ముందు చివరి పేజీ తిప్పేవారు. ఎంత అడిగామో చూసి, "ఈ అంకె ఎలా కట్టావు నాయనా?" అనేవారు. దానికి జవాబు చెప్పగలిగినవాళ్లు తక్కువ.

పుట్టేటప్పుడో, పుట్టిన కొద్ది కాలానికో మెదడుకు దెబ్బ తగిలిన బిడ్డల కేసుల్లో ఆ ప్రశ్న మరీ గట్టిగా తగులుతుంది. అలాంటి ప్రతి కేసులోనూ రెండు సంగతులు తేలాలి. తప్పు ఎవరిది? బిడ్డను సాకడానికి ఎంతవుతుంది? మొదటిదాని కోసం మనం కట్టలకొద్దీ కాగితాలు దాఖలు చేస్తాం, నిపుణుల్ని పిలిపిస్తాం, లండన్ తీర్పులు కూడా చదువుతాం. రెండోదానికి వచ్చేసరికి "వైద్య ఖర్చులు, మానసిక వేదన, ఇతరత్రా అన్నీ కలిపి ఇరవై లక్షలు" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టిస్తాం. తప్పు రుజువు చేయడం కష్టం. ఖర్చు రుజువు చేయడం అంత కష్టం కాదు, అయినా దాన్నే వదిలేస్తున్నాం. నా ఉపన్యాసమంతా ఈ మాట చుట్టూనే.

ముందు వైద్యం సంగతి. డాక్టర్లు ఎదురుగా ఉన్నారు కనుక ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడతాను.

మన దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చెప్పే కథ దాదాపు ఒకే వరసలో నడుస్తుంది. "పుట్టగానే ఏడవలేదండీ. ఉమ్మనీరు మింగేశాడన్నారు. బాక్సులో పెట్టారు. మర్నాడు ఫిట్స్ వచ్చాయి. ఆరో నెలొచ్చినా మెడ నిలపలేదు." వినగానే వకీలు మనసు కాన్పు గదిలోకి పరుగెత్తుతుంది. అక్కడ కాస్త ఆగాలి. కష్టమైన కాన్పుకీ, తర్వాత బిడ్డ కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడానికీ సంబంధం ఉందని 1862లో లండన్ వైద్యుడు విలియం లిటిల్ చెప్పాడు. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ దాన్ని తిరగేశాడు. అవును, ఆ ఫ్రాయిడే. ఆయన మొదట నరాల వైద్యుడు. కాన్పు కష్టం కావడమే, బిడ్డలో అంతకుముందే ఉన్న తేడాకు గుర్తు కావచ్చు కదా అన్నాడు. మన వినియోగదారుల కమిషన్లలో రెండు పక్షాలూ ఇవాళ్టికీ వాదించుకుంటున్నది ఇదే. సెరిబ్రల్ పాల్సీ కేసుల్లో కాన్పు సమయంలో ఊపిరాడకపోవడం వల్ల వచ్చినవి కొద్ది భాగమేనని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. నెలలు నిండకుండా పుట్టడం, గర్భంలో ఇన్‌ఫెక్షన్, జన్యు లోపాలు, ఇలా కారణాలు చాలా ఉంటాయి.

కాబట్టి కాన్పు గదిలో తప్పు జరిగిందని చెప్పాలంటే కొన్ని ఆనవాళ్లు చూపించాలి. పుట్టగానే బొడ్డుతాడు రక్తంలో ఆమ్లం పెరిగిందా, అంటే పీహెచ్ ఏడుకి దిగువకు పడిందా? ఐదు నిమిషాలు దాటినా, పుట్టిన బిడ్డ స్థితిని కొలిచే ఆప్గార్ స్కోరు పెరగలేదా? మొదటి రోజుల్లో బిడ్డ మత్తుగా ఉందా, ఫిట్స్ వచ్చాయా? ఎమ్మారైలో దెబ్బ ఏ భాగంలో కనిపిస్తోంది? చిన్న నర్సింగ్ హోముల్లో బొడ్డుతాడు రక్తం చూసే యంత్రమే ఉండదు. అప్పుడు మనకు దిక్కు కేస్ షీటే. నొప్పులు ఎలా సాగుతున్నాయో గీత గీసి చూపించే పార్టోగ్రాఫ్ నింపారా? బిడ్డ గుండె కొట్టుకోవడాన్ని ఎంతసేపటికోసారి విని రాశారు? రాత్రంతా ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, అరగంటకోసారి సరిగ్గా 140 అని రాసిన పేజీ చేతికొస్తే, ఆ పేజీ ఎప్పుడు రాశారని అడగడం మన ధర్మం.

ఇక్కడే వకీళ్లకు ఒక హెచ్చరిక. ఊపిరాడక మెదడు దెబ్బతిన్న బిడ్డ ఒంటిని ఆరు గంటల లోపు చల్లబరచడం మొదలుపెట్టి, 33-34 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచితే మేలు జరుగుతుందని 2005 నుంచి వచ్చిన విదేశీ పరిశోధనలు చెప్పాయి. అది చదివి "మరి మీరెందుకు చల్లబరచలేదు?" అని ఇక్కడి డాక్టర్ని బోనులో నిలదీయాలని ఉంటుంది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో ఇదే వైద్యాన్ని పరీక్షించిన హీలిక్స్ అధ్యయనం 2021లో అచ్చయింది. మరణం, వైకల్యం రెండూ కలిపి చూస్తే మేలేమీ కనిపించలేదు, మరణాలైతే పెరిగాయి. అది చదవకుండా క్రాస్ మొదలుపెడితే అవతలి వకీలు మనల్ని కూర్చోబెడతాడు.

పచ్చకామెర్ల కేసులు వేరు. బిలిరుబిన్ రక్త పరీక్షలో అంకెగా దొరుకుతుంది. ఏ వయసు బిడ్డకు ఎంత దాటితే నీలం లైటు కింద పెట్టాలో, ఎంత దాటితే రక్తం మార్చాలో పట్టికలున్నాయి. పరీక్ష రాయకుండా "పొద్దున్నే ఎండలో చూపించండి, అదే పోతుంది" అని ఇంటికి పంపిన బిడ్డ వారానికి విల్లులా వంగి తిరిగొస్తే, అక్కడ ఫ్రాయిడ్‌ను పిలవాల్సిన పని లేదు.

తప్పు అంతకంటే స్పష్టంగా ఉన్న కేసు స్ప్రింగ్ మెడోస్ హాస్పిటల్ కేసు. పిల్లల మెదడు దెబ్బకు సంబంధించి మన దేశంలో మొదట చదవాల్సిన తీర్పు కూడా అదే. 1993 డిసెంబరు, ఢిల్లీ. టైఫాయిడ్‌తో ఒక పిల్లవాణ్ణి చేర్పించారు. నర్సు చీటీ రాసిస్తే తండ్రి మందు కొనుక్కొచ్చాడు. ఇవ్వాల్సింది క్లోరాంఫెనికాల్. ఇచ్చింది మలేరియాకు వాడే లారియాగో, అదీ నరంలోకి. ఇంజెక్షన్ పడుతుండగానే పిల్లవాడు కుప్పకూలాడు, గుండె ఆగింది. గుండెను మళ్లీ కొట్టించారు గానీ మెదడు తిరిగి రాలేదు. డాక్టరు స్వయంగా చేయాల్సిన ఇంజెక్షన్‌ను నర్సు చేతికి వదిలేశారన్నది అక్కడ తేలిన విషయం. జాతీయ కమిషన్ బిడ్డకు పన్నెండున్నర లక్షలు, తల్లిదండ్రుల వేదనకు ఐదు లక్షలు ఇచ్చింది. డబ్బు కట్టింది తల్లిదండ్రులు, వైద్యం పొందింది బిడ్డ. మరి వినియోగదారు ఎవరు అని ఆసుపత్రి వాదించింది. ఇద్దరూ అని 1998 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. వైద్యం కూడా సేవేనని 1995లో శాంతా కేసులో వేసిన పునాది మీద కట్టిన గోడ అది. ఇవాళ బిడ్డ పేరున ఒకటి, తమ పేరున ఒకటి పరిహారం అడగగలుగుతున్నారంటే ఆ తీర్పు చలవే.

ఇక ఆ పన్నెండున్నర లక్షల సంగతి చూడండి. బ్యాంకులో వేసి ఎనిమిది శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి లక్ష. నెలకు ఎనిమిది వేల మూడు వందలు. తీర్పు నాటికి అది చెప్పుకోదగ్గ మొత్తమే. ఆ అంకె మాత్రం ఏళ్లు గడిచినా అక్కడే ఉంటుంది, పిల్లవాడు పెరుగుతూ ఉంటాడు.

పెరగడం అంటే ఏమిటో దగ్గరగా చూపిస్తాను. అఫిడవిట్ కోసం ఒక తల్లిని, "అమ్మా, పొద్దున లేచిన దగ్గర్నుంచి వరసగా చెప్పండి" అని అడిగాను. బాబుకి ఏడేళ్లు. బరువు పదకొండు కిలోలు. ఆ వయసుకి సగం. అన్నం, పప్పు, కాస్త నెయ్యి మిక్సీలో వేసి జారుగా చేస్తుంది. ఒళ్లో అడ్డంగా పడుకోబెడితే పొర పోతుంది కనుక, తన మోచేతి మీద తల నిలబెట్టి, మోకాలితో వీపుకి ఆనిక ఇచ్చి కూర్చోబెట్టుకోవాలి. చెంచాడు నోట్లో పెట్టి గొంతు కదిలేదాకా చూడాలి. కదలకపోతే గవదల కింద వేలితో నిమరాలి. సగం బయటికొస్తుంది, మళ్లీ ఎత్తి పెట్టాలి. దగ్గొస్తే ఆపి, బోర్లా తిప్పి, వీపు తట్టాలి. ఒక పూట తిండికి ముప్పావుగంట. అలా మూడు పూటలు, మధ్యలో పాలు, ఫిట్స్ మందు. మడమలు లేచిపోకుండా కాళ్లకు స్ప్లింట్లు. పాదం పెరిగినప్పుడల్లా కొత్తవి. మలబద్ధకం. రాత్రి రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, లేదంటే పుండ్లు పడతాయి. ఫిజియోథెరపీకి వారానికి మూడు రోజులు ఆటోలో. పై అంతస్తులో తక్కువ అద్దె ఇల్లు వదిలి కింది వాటాకి మారారు. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసేది, మానేసింది.

ఆమె తెచ్చిన బిల్లుల ఫైల్లో ఉన్నవి మూడే రకాలు: ఆసుపత్రి బిల్లులు, ఎమ్మారై రసీదు, మందుల చీటీలు. ఆటో అబ్బాయి బిల్లివ్వడు. ఇంటి ఓనరు అద్దె తేడాకు రసీదివ్వడు. చంక దిగని బిడ్డను మోసినందుకు తల్లికి జీతం చీటీ ఎవరిస్తారు? పదకొండు కిలోల బిడ్డను ఒక్క మనిషి ఎత్తగలదు. పదిహేనేళ్లకు ముప్పై, ముప్పై ఐదు కిలోలయ్యాక స్నానానికి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఈ బిడ్డల ఖర్చులో మందుల వాటా చిన్నది, మనుషుల చేతుల వాటా పెద్దది. మన పిటిషన్లలో రాసేది మాత్రం మందుల ఖర్చే.

కోర్టులు వినవేమో అనుకోవద్దు. చెబితే వింటాయి. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన కాజల్ తీర్పు చూడండి. అది వైద్యం కేసు కాదు, రోడ్డు ప్రమాదం. 2007లో దెబ్బ తగిలినప్పుడు ఆ పాపకు పన్నెండేళ్లు. మెదడు దెబ్బతిని తొమ్మిది నెలల పసిపాప స్థితిలో ఉండిపోయింది. కోర్టు పద్దు పద్దుగా లెక్క వేసింది. పోయిన సంపాదన కింద, హర్యానాలో నైపుణ్యమున్న కార్మికుడి కనీస వేతనం నెలకు 4,846 తీసుకుని, భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపి, ఏడాది మొత్తాన్ని 18తో హెచ్చవేసి 14.66 లక్షలు. నొప్పి, బాధ, కోల్పోయిన బతుకు సుఖాలకు 15 లక్షలు. ముందు ముందు వైద్యానికి 5 లక్షలు. చూసుకునే మనుషులకు 21.60 లక్షలు! ఒక్కొక్కరికి నెలకు ఐదు వేల చొప్పున ఇద్దరు. ఏడాదికి లక్షా ఇరవై వేలు. దాన్ని 18తో హెచ్చవేశారు. మొత్తం 62.27 లక్షల్లో అన్నిటికంటే పెద్ద పద్దు అదే. నెలకు ఐదు వేలకు ఇవాళ విజయవాడలో పగటి పూట మనిషి కూడా దొరకదు, అది వేరే మాట. పద్ధతి ముఖ్యం.

ఇంకో సంగతి నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. జంషెడ్‌పూర్‌లో 1989లో జరిగిన అగ్నిప్రమాదం మీద లతా వాధ్వా కేసులో, చనిపోయిన గృహిణుల ఇంటి పనికి నెలకు మూడు వేలని 2001లో సుప్రీంకోర్టు వెల కట్టింది. ఆ తర్వాత ఆ విలువ పెరుగుతూనే వచ్చింది. అంటే తల్లి పోతే ఆమె పనికి ధర ఉంది. ఆమె బతికుండి, ఉద్యోగం వదిలి, ఇరవై నాలుగ్గంటలూ బిడ్డను మోస్తుంటే అది మమకారం కింద జమ! అవతలి వకీలు "తల్లే చూసుకుంటోంది కదా, ఆయా ఖర్చెక్కడిది?" అన్నప్పుడు మన చేతిలో కాజల్ తీర్పు ఉండాలి.

కాలం సంగతి కూడా లెక్కలోకి రావాలి. చెన్నైలో ప్రభుత్వ ఆసుపత్రిలో 1996లో నెలలు నిండకుండా, కిలోంబావు బరువుతో ఒక పాప పుట్టింది. అలాంటి బిడ్డలకు కంటి రెటీనా పరీక్ష సకాలంలో చేయాలి. చేయలేదు, చూపు పోయింది. మెదడు కేసు కాకపోయినా లెక్కలో మనకు చుట్టమే. జాతీయ కమిషన్ ఇచ్చింది ఐదు లక్షలు. 2015 జూలైలో సుప్రీంకోర్టు అప్పటిదాకా అయిన ఖర్చుకు 42.87 లక్షలు, ముందు ముందు వైద్యానికి 1.38 కోట్లు ఇచ్చింది. రాబోయే ఏళ్లలో ధరలు పెరుగుతాయని ఒప్పుకుని, ఆ పెరుగుదలను సూత్రం ప్రకారం కట్టి చూపించడం ఆ తీర్పు ప్రత్యేకత. మన హైదరాబాద్ నిమ్స్ కేసులో, 1990లో ఆపరేషన్ తర్వాత నడుము కింది భాగం చచ్చుబడిన ఇంజనీరింగ్ విద్యార్థికి కోటి రూపాయలు ఇవ్వమని తీర్పు వచ్చింది 2009లో. రెండు కేసుల్లోనూ పందొమ్మిదేళ్లు. మెదడు దెబ్బతిన్న బిడ్డలకు ఫిజియోథెరపీ ఎక్కువ పని చేసేది తొలి ఏళ్లలో. డబ్బు చేతికొచ్చేసరికి తుంటి జారిపోయి, వెన్ను వంకర తిరిగి ఉంటుంది. అందుకే మధ్యంతర పరిహారం అడగడం మరిచిపోవద్దని జూనియర్లకు చెబుతుంటాను.

ఆచరణ సంగతులు త్వరగా చెప్పేస్తాను, మీలో సగం మందికి తెలిసినవే. కేస్ షీటు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. రాతపూర్వకంగా అడగండి, తేదీ వేయించుకోండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. సెరిబ్రల్ పాల్సీ అని డాక్టర్లు ఖాయంగా చెప్పేసరికే ఏడాదో, ఏడాదిన్నరో గడిచిపోతుంది. ఆ మధ్య గుళ్లూ దర్గాలూ తిరుగుతారు, "మగపిల్లలు ఆలస్యంగానే నడుస్తారులే" అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. ఆలస్యానికి కారణం చూపిస్తే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, దాని మీద ఆధారపడకండి. సివిల్ దావాలో మాత్రం మైనరు కనుక గడువు చట్టం బిడ్డ వైపు ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక పరిధి తేలేది మనం అడిగే మొత్తాన్ని బట్టి కాదు, ఆసుపత్రికి కట్టిన ఫీజును బట్టి. అది 50 లక్షలు దాటదు కనుక, కోటి రూపాయల క్లెయిము కూడా జిల్లా కమిషన్లోనే వేసుకోవచ్చు. కట్టిన ఫీజు ఐదు లక్షల లోపైతే కోర్టు రుసుమూ లేదు. ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఒక హైదరాబాద్ కేసులోనే, నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ కేసులో. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదన్నది శాంతా తీర్పు. అయినా ఇందాక చెప్పిన చెన్నై కేసు ప్రభుత్వ ఆసుపత్రిదే, వినియోగదారుల కమిషన్ మెట్లెక్కే వెళ్లింది. కనుక బోర్డు చూసి గేటు దగ్గరే వెనక్కి తిరగనక్కర్లేదు.

డబ్బు వచ్చాక మొదలయ్యే చిక్కు గురించి ఎవరూ మాట్లాడరు. సివిల్ కోర్టులో మైనరు తరఫున రాజీ పడాలంటే కోర్టు అనుమతి కావాలి. సొమ్ము సాధారణంగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి పోతుంది, వడ్డీ మాత్రం తీసుకోనిస్తారు. చక్రాల కుర్చీకో, ఆపరేషన్‌కో అసలులోంచి తీయాలంటే మళ్లీ పిటిషన్. ఆ బిడ్డకు పద్దెనిమిది నిండగానే ఇంకో తమాషా: బ్యాంకు వాళ్లు "మేజరయ్యాడు, వచ్చి సంతకం పెట్టమనండి" అంటారు! అప్పుడు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ దగ్గర తల్లిదండ్రులు సంరక్షకులుగా నియామకం తెచ్చుకోవాలి. "మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు?" అని అడిగే తల్లిదండ్రులకు మనం ఇవ్వగలిగిన ముక్క ఈ చట్టంలోనే ఉంది, వీలునామా రాయించే రోజునే దీని గురించీ చెప్పండి.

కేసు గెలిచినవాళ్ల సంగతి ఇది. ఎవరి తప్పూ లేని బిడ్డల మాటేమిటి? సంఖ్యలో వాళ్లే ఎక్కువ. వాళ్లకున్నది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దాని మీద పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఆరు వేలు, పూర్తిగా మంచానికే పరిమితమైతే పదిహేను వేలు, తెలంగాణలో 4,016. ఆంధ్రలోని ఆ పదిహేను వేలు, కాజల్ కేసులో ఇద్దరు మనుషులకు కోర్టు కట్టిన పది వేల కంటే ఎక్కువని గమనించండి. ప్రభుత్వాలను తిట్టడం మనకు అలవాటు, ఈ ఒక్క చోట కాస్త మెచ్చుకుందాం.

జపాన్ ఇంకో దారి పట్టింది. 2006లో ఫుకుషిమా ప్రాంతంలో ఒక కాన్పు డాక్టర్ని తల్లి మరణం కేసులో అరెస్టు చేశారు. 2008లో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు గానీ, అప్పటికే కాన్పులు చేయడానికి డాక్టర్లు వెనకాడుతున్నారు. 2009 జనవరిలో అక్కడ సెరిబ్రల్ పాల్సీకి పరిహార పథకం మొదలైంది. అర్హత ఉన్న బిడ్డకు, ఎవరి తప్పో తేల్చకుండానే, మూడు కోట్ల యెన్లు. మొదట అరవై లక్షలు, తర్వాత ఏడాదికి పన్నెండు లక్షల చొప్పున ఇరవై ఏళ్లు. డబ్బు బిడ్డతో పాటు నడుస్తుంది. ప్రతి కాన్పు మీదా ఆసుపత్రి కట్టే ప్రీమియంతో అది సాగుతుంది. అంతకంటే నాకు నచ్చింది, ప్రతి కేసులో కారణమేమిటో నిపుణులు పరిశీలించి, నివేదికను కుటుంబానికీ ఆసుపత్రికీ ఇద్దరికీ ఇస్తారు. పేర్లు తీసేసిన సారాంశాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. మన దగ్గర రాజీ కుదిరిన కేసులో ఏం జరిగిందో పక్క వీధి నర్సింగ్ హోముకి కూడా తెలియదు.

పరిహారాలు పెరిగితే భయంతో అందరికీ సిజేరియన్లు చేస్తారని డాక్టర్ మిత్రులు అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం సిజేరియన్లే. పెద్ద పరిహారాలు రాకముందే ఇంత ఉంటే, ఇందులో మా వకీళ్ల వాటా ఎంతో మీరే చెప్పాలి.

జపాన్ పథకం లాంటిది ఇక్కడికి రావాలంటే చట్టం కావాలి, దానికి నేను, మీరు చాలం. ఈ లోపు చేయగలిగిన పని ఒకటుంది. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద పిల్లలకు, ఆడవాళ్లకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మన జిల్లా సంస్థ ప్యానెల్లో వకీళ్లున్నారు. ఒక ఫిజియోథెరపిస్టును, ఒక పిల్లల నరాల డాక్టరును కూడా జత చేసుకుంటే, ఒక్కో బిడ్డకు సంరక్షణ ఖర్చుల పట్టిక తయారవుతుంది. ఎన్ని గంటల మనిషి పని, ఏ వయసులో ఎంతమంది, స్ప్లింట్లు ఎన్నాళ్లకోసారి, కుర్చీ ఎప్పుడు, తల్లి వదులుకున్న జీతమెంత, అన్నీ అందులో ఉంటాయి. అలాంటి పట్టిక నమూనా ఒకటి రాసి బార్ లైబ్రరీలో ఉంచాను. అందులో వైద్యపరమైన పొరపాట్లుంటే డాక్టర్లు ఎర్ర పెన్నుతో దిద్ది పంపండి. దిద్దిన ప్రతినే వచ్చే నెల న్యాయ సేవల సంస్థ కార్యదర్శి గారికి ఇస్తాం.